ఎడమచేతి పని

మొన్న సంక్రాంతికి యానాం వెళ్తే, భోజనాలవగానే మా మావయ్య కొడుకు నన్ను గోదారి గట్టుకి లాక్కుపోయి, "బావా, డబ్బుల విషయం ఒకటి మాట్లాడాలి" అన్నాడు. అప్పేమో అనుకుని మనసులో ఒక అంకె సిద్ధం చేసుకున్నాను. వాడడిగింది అది కాదు. "నా దగ్గర పది వేలున్నాయి. మిడి కీబోర్డ్ ఏది కొనమంటావు? ఇరవై అయిదు కీలదా, నలభై తొమ్మిది కీలదా?"

వాడు డిగ్రీ రెండో ఏడు. పెళ్ళిళ్ళకి సౌండ్ సిస్టమ్ వేసేవాళ్ళ దగ్గర వైర్లు మోసి ఆ పది వేలు కూడబెట్టాడు. పాత లాప్‌టాప్‌లో పాటలు కడతాడు. ఇన్నాళ్ళూ ఒక్కో స్వరాన్నీ మౌసుతో నొక్కి గడుల్లో పెట్టుకుంటున్నాడు, ముగ్గు చుక్కల్లాగా. మా ఇంట్లో ఒక నమ్మకం ఉంది: సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి ప్రింటరూ, టీవీ రిమోటూ, కరెంటు మీటరూ అన్నీ తెలుస్తాయి. ఆ లెక్కన కీబోర్డు కూడా నా శాఖలోకే వస్తుంది. (నిజానికి నా శాఖలో ఉన్నది వేరే కీబోర్డు.)

"నా దగ్గరొకటి ఉంది, అది తీసేసుకో" అన్నాను. 2020 లాక్‌డౌన్‌లో అందరూ పిండి పులియబెట్టి బ్రెడ్డు చేస్తుంటే నేను 25 కీలది ఒకటి తెప్పించాను. అప్పట్నుంచీ అది బీరువా మీద ఉంది. పండక్కి వస్తూ వాడి కోసం సంచిలో వేసుకొచ్చాను కూడా. వాడు రెండ్రోజులు వాయించి తిరిగిచ్చేశాడు. "బాగానే ఉంది బావా. కానీ నానమ్మ దీంట్లో పట్టట్లేదు."

ఆ మాట దగ్గర్నుంచే ఈ వ్యాసం మొదలైంది.

*

మా తాతయ్య హార్మోనిస్టు. వృత్తి కాదు, పిచ్చి. యానాంలో ఉద్యోగం, రాత్రుళ్ళు కోనసీమలో నాటకాలు. యానాం నుంచి ఎదుర్లంకకి గౌతమి మీద వంతెన పడింది 2002లో. అంతకుముందు పంటు మీద దాటడమే. హార్మోనియం పెట్టెని దుప్పట్లో చుట్టి, నీటి చెమ్మ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడట. లోపల ఇత్తడి రీడ్లుంటాయి. ఉప్పుగాలికి అవి నల్లబడితే స్వరం మారిపోతుంది. అమ్మమ్మ వేదిక ఎక్కిన మనిషి కాదు. కానీ మా వీధరుగు మీద రిహార్సల్స్ జరుగుతుంటే వంటింట్లోంచి విని, పద్యాలన్నీ వరసలతో సహా పట్టేసింది. షణ్ముఖి ఆంజనేయరాజు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు ఏ మాట మీద నవ్వు కలుపుతాడో ఇప్పటికీ చేసి చూపిస్తుంది. ఆవిడకి 84.

మా వాడు ఆవిడ పద్యాన్ని ఫోన్లో రికార్డు చేసి, లాప్‌టాప్‌లో వేసి, "కొంచెం సాఫు చేద్దామని" ఆటోట్యూన్ పెట్టాడు. గొంతులో ప్రతి కదలికనీ పట్టుకుని దగ్గర్లో ఉన్న పన్నెండు మెట్లలో ఏదో ఒక మెట్టు మీద కూర్చోబెట్టే సాఫ్ట్‌వేర్ అది. చమురు కంపెనీలకి భూగర్భ తరంగాలు విశ్లేషించే పని చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చాడు. సాఫు చేసిన పద్యం విని అమ్మమ్మ, "ఎవర్రా ఈవిడ? బాగానే పాడుతుంది" అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే తనని తాను గుర్తుపట్టలేదు.

సరే, ఆటోట్యూన్ తీసేశాడు. కీబోర్డు మీద ఆ పద్యం వెనకాల హార్మోనియం వాయించి కలపాలనుకున్నాడు. అదీ అతకలేదు. ఆవిడ శ్రుతి రెండు కీల మధ్య సందులో ఉంది. ఆవిడ స్వరం నుంచి స్వరానికి జారే చోట వీడి కీబోర్డు మెట్లు దిగుతోంది. "ఎక్కువ కీలుంటే దొరుకుతుందేమో" అన్నది వాడి సందేహం. ఎన్ని కీలు కొన్నా ఆ సందు అలాగే ఉంటుందని చెప్పడానికి నేను హార్మోనియం చరిత్రలోకి వెళ్ళాల్సి వచ్చింది. నాకు ఏదైనా అర్థం కావాలంటే మొదటి వెర్షన్ నుంచి చదవాలి. అదో జబ్బు.

*

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. చట్టప్రకారం పూర్తిగా భారతదేశంలో కలిసింది 1962లో. హార్మోనియం పుట్టింది పారిస్‌లో. ఈ రెండూ పక్కపక్కన పెట్టగానే కథ దానంతటదే అల్లుకుంటుంది: ఓడలో పెట్టె వచ్చింది, గౌతమి ఒడ్డున దిగింది, తాతయ్య చేతికి చిక్కింది. నేనూ ఒక రాత్రంతా ఆ కథని ముద్దు చేశాను. కానీ తాతయ్య ముందున్నది ఫ్రెంచి పెట్టె కాదు, కలకత్తా పెట్టె. ఆ తేడాయే ఈ మొత్తం వ్యవహారానికి కీలకం.

అలెగ్జాండర్ డెబెన్ 1840ల మొదట్లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న హార్మోనియం ఒక బల్లంత సామాను. కుర్చీలో కూర్చుని రెండు కాళ్ళతో తిత్తులు తొక్కాలి. రెండు చేతులూ మెట్ల మీదే. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో దానికి తోడు స్వరాలు. చర్చి ఆర్గన్ కొనలేని చిన్న చర్చిలకీ మధ్యతరగతి ఇళ్ళకీ అది చవక ప్రత్యామ్నాయం. ఈ చవక అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. దాంట్లో 'ఎక్స్‌ప్రెషన్' అని ఒక మీట ఉండేది. అది లాగితే గాలి నిలవ ఉండే అరని దాటేసి, కాలి ఒత్తిడి నేరుగా రీడ్ల మీద పనిచేస్తుంది. గట్టిగా తొక్కితే గట్టిగా, మెల్లగా తొక్కితే మెల్లగా. మొదలైన స్వరాన్ని మధ్యలో ఉబ్బించవచ్చు, తగ్గించవచ్చు. పియానోకి ఈ సదుపాయం లేదు. సుత్తి తగిలాక ఇక ఆ స్వరం దాని చావు అది చావాల్సిందే.

కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దీన్ని తిరగరాశాడు. మామూలుగా చెప్పే సంవత్సరం 1875. కాళ్ళు తీసేశాడు. తిత్తిని పెట్టె వెనక్కి మార్చి చేత్తో ఊదేలా పెట్టాడు. నేల మీద చాప పరుచుకుని కూర్చునే దేశానికి అది సరిపోయింది. ఇక్కడ గమనించాల్సింది ఎడమచెయ్యి. పారిస్‌లో స్వరాలు నొక్కే చెయ్యి కలకత్తాలో గాలి ఊదే చెయ్యి అయింది. అంటే ఒక చేతి సంగీతం పోయినట్టే. అయినా ఇక్కడెవరూ లోటు అనుకోలేదు, ఎందుకంటే మన పాటకి కావాల్సింది ఒకే గీత. ఒక సమయంలో ఒక స్వరం, దాని వెనకాల శ్రుతి. శ్రుతికి ఒక మీట లాగితే చాలు, దానంతటదే మోగుతూ ఉంటుంది. తోడు స్వరాల పని లేని చోట ఎడమచేతికి ఊపిరి పని అప్పజెప్పారు. నేను చదివిన రీడిజైన్లలో ఇంత తెలివైనది ఇంకోటి లేదు. వాడేవాళ్ళకి అక్కర్లేని ఫీచర్ తీసేసి, ఆ వనరుని వాళ్ళకి అవసరమైన దానికి మళ్ళించడం.

పెట్టె ఇక్కడిదైనా చాలాకాలం దాని గొంతు మాత్రం అక్కడిదే. రీడ్లు పారిస్ నుంచీ జర్మనీ నుంచీ వచ్చేవి. ఇప్పటికీ పాత హార్మోనియం అమ్మేవాళ్ళు 'పారిస్ రీడ్' అని కళ్ళెగరేసి చెప్తారు. తర్వాత గుజరాత్‌లోని పాలిటానా రీడ్లకి పేరొచ్చింది.

*

హార్మోనియం మీద కోపం రెండు రకాలు. ఒకటి, దాని పన్నెండు మెట్లూ సమాన దూరంలో ట్యూన్ చేసి ఉంటాయి, మన స్వరస్థానాలు అలా ఉండవు. రెండు, మెట్టుకీ మెట్టుకీ మధ్య జారడం లేదు, అంటే గమకం లేదు. ఫాక్స్ స్ట్రాంగ్‌వేస్ 1914 నాటి 'ది మ్యూజిక్ ఆఫ్ హిందోస్తాన్'లోనే దీన్ని తిట్టాడు. ఆనంద కుమారస్వామి తిట్టాడు. మొదటి ఫిర్యాదుకి మందు కనిపెడదామని దేవల్, క్లెమెంట్స్ అనే ఇద్దరు కలిసి 22 శ్రుతుల హార్మోనియం చేయించారు. 1916లో బరోడాలో జరిగిన అఖిల భారత సంగీత సమ్మేళనంలో చూపించారు కూడా. అక్కడి విద్వాంసుల్ని అది ఒప్పించలేకపోయింది. 'ఎక్కువ కీలుంటే దొరుకుతుందేమో' అన్న మా వాడి ప్రశ్నకి వందేళ్ళ కిందట వచ్చిన జవాబు అది.

తర్వాత రేడియో. ఢిల్లీ స్టేషన్‌లో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త 1938లో హార్మోనియం మీద ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షికలోనే ఆ పేరుని మధ్యకి విరిచి, మొదటి ముక్క 'హాని' అని వినబడేలా పెట్టాడు. మన సంగీతం మీద ప్రేమతో ఈ దేశం వచ్చినవాడు. 1939లో కలకత్తాలో కలరాతో పోయాడు. 1940 జనవరిలో టాగూరు కలకత్తా స్టేషన్‌కి ఉత్తరం రాశాడు, ఈ వాయిద్యాన్ని స్టూడియోల్లోంచి తీసెయ్యమని. అదే ఏడాది మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం నిషేధం. 1971లో సడలించేదాకా 31 ఏళ్ళు. సడలించాక కూడా పెద్ద గ్రేడు కళాకారులకి పక్కవాయిద్యంగానే, సోలోగా కాదు.

యానాం మీద అప్పటికి ఎగిరేది ఫ్రెంచి జెండా. బ్రిటిష్ ఇండియా చట్టాలు ఊరి పొలిమేరలో ఆగిపోయేవి. 1929 నాటి శారదా చట్టం బాల్యవివాహాలు ఆపితే, ఆపడం ఇష్టంలేనివాళ్ళు పెళ్ళిబృందాల్ని వేసుకుని ఇక్కడికొచ్చి ముడి వేయించుకుపోయేవాళ్ళు. మంగళవారం సంతలో సుంకం తప్పిన విదేశీ సరుకు దొరికేది. కానీ రేడియో తరంగాలకి నాకా ఉండదు. ఫ్రెంచి యానాంలో రేడియో పెట్టుకున్నా మద్రాసు స్టేషన్ పాడిందే వినాలి, అంటే హార్మోనియం లేనిదే వినాలి. స్వతంత్రం వచ్చాక, 1948 డిసెంబరులో విజయవాడ స్టేషన్ మొదలయ్యాక కూడా ఆ నియమం నియమమే.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. వాళ్ళు చెప్పిన సాంకేతిక కారణాలు రెండూ నిజం. నిషేధం మాత్రం తప్పు. ఆ 31 ఏళ్ళలో హార్మోనియం ఎక్కడుందో చూడండి: భజన మందిరంలో, చర్చిలో, హరికథ పక్కన, పెట్రోమాక్స్ లైటు వెలుతురులో పద్యనాటకం వేదిక ఓరన. తంబురా కొనలేనివాళ్ళూ, వీణ నేర్పే గురువు గడప తొక్కనివ్వనివాళ్ళూ పట్టుకున్న వాయిద్యం అది. శ్రుతికి శ్రుతి, పాటకి పాట, రిపేరుకి ఊళ్ళో వడ్రంగి. రేడియో తలుపు మూసినంత మాత్రాన స్వరస్థానాలు బాగుపడలేదు గానీ, తాతయ్యలాంటి వాళ్ళు వాయించిందంతా ఏ రికార్డూ లేకుండా గాలిలో కలిసిపోయింది. ఆ వాయింపు కొంతైనా మిగిలింది అమ్మమ్మ గొంతులోనే.

ఇంకో తమాషా. హార్మోనియం పొడ గిట్టని కర్ణాటక గాయకులు కూడా "నాది ఐదున్నర శ్రుతి" అంటారు. ఏమిటీ ఐదున్నర? తెల్లమెట్లకి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుపోతే, అయిదో తెల్లమెట్టుకీ ఆరో దానికీ మధ్యనున్న నల్లమెట్టు. పెట్టెని గుమ్మం బయట నిలబెట్టారు గానీ దాని కొలబద్ద తీసుకెళ్ళి పూజగదిలో పెట్టుకున్నారు.

*

పద్యనాటకంలో హార్మోనిస్టు పని తోడు వాయించడం ఒక్కటే కాదు. పద్యం ఎత్తుకునే ముందు రాగం చూపించి నటుడి చేతిలో పెట్టాలి. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు'లో కృష్ణుడు చివరి పాదం మీద రాగం తీస్తూ ఎక్కడికి పోతాడో ఆ రాత్రి దాకా కృష్ణుడికే తెలియదు. హార్మోనిస్టు వెనకాలే పరిగెత్తాలి. ఆయన జారిన చోట ఈయన జారలేడు, మెట్లే ఉన్నాయి. మరేం చేస్తాడు? అమ్మమ్మ చెప్పింది: "మీ తాత అక్కడ మెట్టు మీద వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టి, గాలి తగ్గించేవాడు. చెవి మిగతాది పూరించుకునేది."

గాలి తగ్గించేవాడు. ఎడమచేత్తో. స్వరం మార్చలేని చోట బలం మార్చి, వినేవాడి చెవిని మోసం చేసేవాడన్నమాట. మా వాడు నా కీబోర్డు మీద పోగొట్టుకున్నది ఇదే.

*

మిడి గురించి. అత్తయ్య ఆ పెట్టెని చూసి, ఒక మెట్టు నొక్కి, ఇంకోటి నొక్కి, "చప్పుడేదిరా? పది వేలు పెట్టి మూగదాన్ని కొంటావా?" అంది. ప్రశ్న సరైనదే. మిడి కీబోర్డులో శబ్దం ఉండదు. 'ఫలానా మెట్టు నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు, ఇప్పుడు వదిలారు' అని కంప్యూటరుకి చీటీలు పంపడమే దాని పని. చప్పుడు చేసేది లాప్‌టాప్. తిత్తి వేరే ఇంట్లో ఉన్న హార్మోనియం అనుకోండి.

1980ల మొదట్లో ఒక్కో కంపెనీ సింథసైజరు ఒక్కో భాష మాట్లాడేది. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అధిపతి డేవ్ స్మిత్ 1981లో ఒక ఉమ్మడి భాష ప్రతిపాదించాడు. జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి దానికి గట్టిగా వత్తాసు పలికాడు. 1983 జనవరిలో లాస్ ఏంజిలెస్ దగ్గర అనహైమ్‌లో జరిగిన సంగీత వ్యాపారుల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600నీ, రోలాండ్ జూపిటర్-6నీ ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద నొక్కితే రెండోది పలికింది. పోటీ కంపెనీలు రెండూ ఈ భాషకి లైసెన్సు ఫీజు అడగలేదు. ఆ ఏడాదే మొదటి వెర్షన్ ప్రమాణం వచ్చింది. రెండో వెర్షన్ 2020లో గానీ రాలేదు. మా ఆఫీసులో మూడేళ్ళ కిందట నేనే రాసిన కోడు ఇవాళ నాకే అర్థం కాదు, అలాంటిది 1983 నాటి పెట్టె ఈ రోజు లాప్‌టాప్‌తో మాట్లాడుతుంది. వృత్తిరీత్యా నేను దీనికి చేతులెత్తి దండం పెడతాను.

కానీ ఆ భాష కూడా మెట్ల భాషే. 0 నుంచి 127 దాకా 128 మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున. మన 'ఒకటి శ్రుతి' షడ్జమం అక్కడ 60. ఐదున్నర 68. పైగా దాన్ని పియానో మనసుతో రాశారు: నొక్కిన క్షణంలో ఎంత బలం అన్నది 1 నుంచి 127 దాకా ఒక అంకె, అంతే. తర్వాత ఆ స్వరాన్ని ఉబ్బించాలన్నా తగ్గించాలన్నా మెట్టుకి ఆ శక్తి లేదు. అందుకు వేరే చీటీలు ఉన్నాయి. పదకొండో నంబరు కంట్రోలర్ పేరు 'ఎక్స్‌ప్రెషన్', అదే డెబెన్ మీట పేరు. స్వరాన్ని వంచడానికి 'పిచ్ బెండ్'. దానికి మాత్రం ధారాళంగా 16,384 మెట్లు ఇచ్చారు. మామూలుగా అది అటు రెండు, ఇటు రెండు అరస్వరాలు వంగుతుంది, సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు.

ఈ వంపులో పాశ్చాత్యులకి ఒక చిక్కుంది. వంచితే ఆ ఛానల్లో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. మూడు స్వరాలు కలిపి నొక్కి, వాటిలో ఒకదాన్నే వంచడం కుదరదు. అది తీర్చడానికి 2018లో ఎంపీఈ అనే అదనపు ప్రమాణం తెచ్చారు. దాన్ని పూర్తిగా వాడుకోగల కీబోర్డుల ధర వింటే మా వాడు మళ్ళీ వైర్లు మొయ్యడానికి పోతాడు. అయితే మనకి ఆ చిక్కే లేదు! ఒకే గీత పాట కదా. కలకత్తాలో ఎడమచేతిని తోడు స్వరాల నుంచి తప్పించిన కారణమే ఇక్కడ చవక కీబోర్డుని మనకి చాలినంత దాన్ని చేస్తోంది.

మరి ఆ చీటీలు పంపేది ఏ చెయ్యి? 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజరులో మెట్లకి ఎడమపక్కన రెండు చక్రాలు పెట్టారు. ఒకటి స్వరం వంచేది, ఇప్పటి కీబోర్డుల్లో అయితే దానికి స్ప్రింగు ఉంటుంది, వదిలితే మధ్యకి వచ్చేస్తుంది. రెండోది ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. ఆ అమరికే ఆనవాయితీ అయిపోయింది. చూడండి, ఎడమచెయ్యి మళ్ళీ మెట్ల మీద నుంచి దిగి ఊపిరి పనికే వచ్చింది. తాతయ్య తిత్తి ఉన్న చోటే చక్రం ఉంది.

*

మెట్ల వాయిద్యం మీద గమకం పలకదు అని ఎవరైనా తీర్మానం చేస్తే, వాళ్ళని పాలకొల్లు వైపు చూడమనాలి. యు. శ్రీనివాస్ అక్కడే 1969లో పుట్టాడు. మాండొలిన్ మెట్లు కూడా పన్నెండు సమానభాగాల మెట్లే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు పాడినదాన్ని తీగమీద వెతుక్కునేవాడు. వాయిద్యం ఏమివ్వగలదని కాకుండా, గొంతు ఏం చేస్తోందని మొదలుపెట్టిన పాఠం. నాలుగు జతల తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు పెట్టి, విద్యుత్ మాండొలిన్ వాడి, తీగల్ని లాగి జార్చి కర్ణాటక కచేరీలు నిలబెట్టాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చుకున్నప్పుడు అది కూడా దొరల వాయిద్యమే. వయొలిన్‌కి మెట్లు లేవు కాబట్టి అది సులువుగా మనదైపోయింది. మాండొలిన్‌ని మాత్రం వంచాల్సి వచ్చింది.

*

ఇక కొనుగోలు. మార్కెట్లో ఈ ధరలో ఎక్కువగా వినబడే పేర్లు అకాయ్ ఎంపీకే మినీ, ఆర్టూరియా మినీల్యాబ్, ఎమ్-ఆడియో కీస్టేషన్. మొదటి రెండూ 25 బుల్లి మెట్లవి, పక్కన డ్రమ్స్ కొట్టుకోవడానికి ప్యాడ్లూ తిప్పుకోవడానికి గుండీలూ ఉంటాయి. హిప్‌హాప్ బీట్లు కట్టేవాళ్ళకి అవి బంగారం. ఆర్టూరియా ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ కంపెనీ. అది తెలిశాక మా వాడు "అయితే మనదే బావా, యానాం కోటా" అన్నాడు. ఎంపీకే మినీలో స్వరం వంచడానికి చిన్న జాయ్‌స్టిక్, మినీల్యాబ్‌లో వేలితో రాసే పట్టీ. కీస్టేషన్ 49లో ప్యాడ్లూ గుండీలూ లేవు, దాదాపు ఏమీ లేవు. పూర్తి సైజు మెట్లు 49, ఎడమపక్క రెండు చక్రాలు.

నేను వేసిన లెక్క ఇది. తాతయ్య హార్మోనియంలో మూడున్నర స్థాయిలు, 42 మెట్లు. పద్యం రాగం తీస్తే రెండు స్థాయిలు దాటుతుంది. 25 మెట్లంటే సరిగ్గా రెండు స్థాయిలు, ఆపైన ఆక్టేవ్ బటన్ నొక్కుతూ ఉండాలి. ఆ బటన్ ఉండేదీ ఎడమచేతి వైపే, అంటే వంచాల్సిన చెయ్యి బటన్ నొక్కుతూ కూర్చుంటుంది. కాబట్టి 49. స్ప్రింగున్న చక్రం కావాలి, ఎందుకంటే కంపితం వేసేటప్పుడు షడ్జమం ఎక్కడుందో చెయ్యి చూడకుండా తెలియాలి. స్ప్రింగు ఆ పని చేస్తుంది. నా పెట్టెలో వేలితో రాసే పట్టీయే ఉంది, మా వాడి వేలు చెమటకి దాని మీద ఆగి ఆగి కదిలింది. రెండో చక్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో పదకొండో నంబరుకి తగిలిస్తే అదే తిత్తి. ప్యాడ్లు మౌసుతో సరిపెట్టుకోవచ్చు, ఇన్నాళ్ళూ వాడు చేసింది అదే. మెట్టు గట్టిగా నొక్కితే గట్టిగా పలికే గుణం ఈ ధరలో అన్నిటికీ ఉంటుంది, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

"ఇక్కడే కొంటే తక్కువకి రాదా?" అని మావయ్య. యానాం పుదుచ్చేరి పన్నుల కింద ఉంది కాబట్టి ఆయన తరానికి అది సహజంగా వచ్చే ప్రశ్న. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక మందుకీ పెట్రోలుకీ తప్ప ఆ ముచ్చట తీరిపోయింది. చివరికి కాకినాడలో ఒక చర్చి కుర్రాడు పెద్దది కొనుక్కుంటూ అమ్మేస్తున్న 49 మెట్లది ఆరు వేల అయిదొందలకి దొరికింది. కొనేముందు లాప్‌టాప్ పట్టుకెళ్ళి ప్రతి మెట్టూ నొక్కి చూశాం. మిగిలిన డబ్బుతో మైకు కొనమన్నాను. నా 25 మెట్లది మళ్ళీ బీరువా ఎక్కింది.

సందు సంగతి మిగిలింది. వాడు అటకమీంచి తాతయ్య పెట్టె దింపాడు. తిత్తికి చిల్లి, ఒక తెల్లమెట్టు పైకి లేవదు. అయినా నాలుగైదు స్వరాలు పలికాయి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే ఒక్కోటి ఒక్కో మాట చెప్పింది గానీ, అన్నీ ఈనాటి కొలతకి కిందే ఉన్నాయి, ఇరవై సెంట్లకి అటూ ఇటూ. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే కొలత 'ఎ' స్వరానికి సెకనుకి 440 కంపనాలు, 1939లో లండన్‌లో ఒప్పుకున్నది. అంతకుముందు ఫ్రాన్స్ 1859లో ప్రభుత్వ ఆజ్ఞగా పెట్టిన కొలత 435. ఈ రెంటికీ తేడా దాదాపు ఇరవై సెంట్లు! నా గుండె ఒక్కసారి కొట్టుకుంది. కానీ తుప్పూ దుమ్మూ కూడా సరిగ్గా ఈ పనే చేస్తాయి. మూడు చెడిపోయిన రీడ్ల సాక్ష్యంతో దీన్ని పారిస్ ఖాతాలో రాయలేను.

అమ్మమ్మ గొంతు మాత్రం ఆ పెట్టె పక్కనే ఉంది. కీల మధ్య సందులో ఉందని మేమనుకున్న శ్రుతి ఈ పెట్టెలో నాలుగు శ్రుతి. ఆవిడ తప్పు పాడటం లేదు. అరవై ఏళ్ళ కిందట విన్న మెట్టు దగ్గరే నిలబడి ఉంది, అంతే. ఆటోట్యూన్ సరిదిద్దింది దాన్నే.

మా వాడు సాఫ్ట్‌వేర్‌లో ఫైన్ ట్యూన్ అన్నచోట మైనస్ ఇరవై రెండు అని కొట్టాడు. హార్మోనియం శబ్దం పెట్టాడు. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి చక్రం మీద. అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పద్యం ఎత్తుకోమన్నాడు. రెండో పాదంలో ఆవిడ జారిన చోట వీడూ జారబోయి ఎక్కువ జారాడు. ఆవిడ పాట ఆపి, కళ్ళు తెరవకుండానే, "గాలి తగ్గించరా" అంది.